పేరు పిలవని చొక్కా

దెర్విష్ మేస్త్రీ గోడ మీద కూర్చుని కోతలు కోస్తున్నాడంటే పని సవ్యంగా సాగుతోందని అర్థం. నోరు మూసుకున్నాడంటే ఎక్కడో ఓ వాసం వంకరపోయిందన్నమాట. బోస్నియాలోని ఆ కొండల నడుమ ఆయన చేత పైకప్పు వేయించుకున్న ఏ ఇంటివాళ్ళనడిగినా ఈ మాటే చెబుతారు.

ఆ మంగళవారం పొద్దున నడుస్తున్నది పిల్లి కథ.

"వ్లాషిచ్ కొండ గాలి సంగతి నీకేం తెలుసురా!" అంటున్నాడు, వాసం చివర బాడిసతో చెక్కుతూ. "సాయంత్రానికి కప్పు పూర్తిచేసి కిందికి దిగానా, వెనకాలే గాలి లేచింది. తెల్లారి చూస్తే గోడలున్నాయి, కప్పు లేదు. ఒక్క మేకు ఊడకుండా మొత్తానికి మొత్తం లేచిపోయింది. పొగగొట్టం పక్కన పిల్లి పడుకునుందిట, దాంతో సహా! పోయి పోయి అవతలి లోయలో ఎవడో గోడలు కట్టుకుని కప్పు కోసం ఎదురుచూస్తుంటే, వాడింటి మీద దిగింది. అంగుళం తేడా లేదు. పిల్లి లేచి, ఒళ్ళు విరుచుకుని, కిందికి దూకి, ఆ కొత్త ఇంటావిడ కాళ్ళకి రాసుకుంటూ పాలడిగింది."

"పోయినసారి అది కోడి కదా మావయ్యా?" అన్నాడు కిందనించి కర్రలందిస్తున్న నెజాద్. దెర్విష్ చెల్లెలి కొడుకు. ముప్పై దాటినా ఇంకా మేనమామ అబద్ధాలు లెక్కపెట్టే ఓపిక ఉన్నవాడు.

"అది వేరే గాలి."

బయట పొయ్యి దగ్గర గుమ్మడికాయ తురుముతున్న జుమ్రెత నవ్వింది. ఇల్లు ఆవిడది. యాభై దాటాయి. సెర్బులకీ ముస్లింలకీ మధ్య నడిచిన యుద్ధం ముగిసి ఏడేళ్ళయింది. భర్త సాకిబ్ ఆ యుద్ధం నుంచి తిరిగి రాలేదు. బ్రెజిక్ గ్రామంలో ఒకప్పుడు ముస్లింల కొంపలు ఇరవై దాకా ఉండేవి. ఇప్పుడు గోడల మధ్య ముళ్ళపొదలు తప్ప ఏమీ లేవు. చుట్టూ ఉన్నవన్నీ సెర్బుల ఇళ్ళు. అలాంటి ఊరికి తిరిగివచ్చి, కొడవలి పట్టుకుని పొదలు కొట్టి, సొంత గుమ్మం వెతుక్కున్న మొదటి మనిషి ఆవిడ. మిగతావాళ్ళు టౌన్లో ఉండి, ఆవిడకేమవుతుందో చూసి అప్పుడు ఆలోచిద్దామనుకుంటున్నారు.

దెర్విష్ కి ఈ ఇల్లు కొత్తది కాదు. పాతికేళ్ళ కిందట సాకిబ్ తండ్రి బతికుండగా దీనికి కప్పు వేసింది తనే. ఆ కప్పు గాలికి ఎగిరిపోలేదు. ఖాళీ ఇంటి మీదినించి మనుషులే మోసుకుపోయారు. తలుపులు ఒకరు, కిటికీలు ఒకరు, వాసాలు ఒకరు, పెంకులు ఒకరు.

మధ్యాహ్నం కాఫీకి దిగినప్పుడు ఆయన పెరట్లో పేర్చిన కొత్త పెంకుల చుట్టూ ఓసారి తిరిగొచ్చి, నొసలు చిట్లించాడు.

"ఏమ్మా జుమ్రెతా, ఇవి ముందు వాలుకే సరిపోతాయి. వెనక వాలు మీద దేవదూతలు రెక్కలు పరుస్తామన్నారా?"

"వస్తాయి మేస్త్రీ."

"ఎక్కడినించి?"

"వస్తాయన్నానుగా. మీరు వాసాలు చూసుకోండి."

"ఆ సాయం చేసే సంస్థవాళ్ళు సగమిచ్చి మిగతాది ఫొటోలు తీసుకున్నాక ఇస్తామన్నారా? నాకు తెలుసు వాళ్ళ సంగతి. ఓ ఊళ్ళో గడప ఇచ్చి తలుపు మరిచిపోయారు. ఆ ఇంటాయన పాపం రోజూ గడప దాటి గోడకి గుద్దుకునేవాడు."

జుమ్రెత ఈసారి నవ్వలేదు. కాఫీ గిన్నె మూతిమీద నురగ చెంచాతో తీసి ఆయన కప్పులో వేసింది. పెద్దరికం ఇచ్చే మనిషికి వేసే నురగ అది. "వస్తాయి" అంది మళ్ళీ, తనలో తను అనుకున్నట్టు.

దెర్విష్ కాఫీ తాగుతూ పైకి చూశాడు. వాలు మీద, ప్లమ్ చెట్ల పైన, అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఇల్లు ఒస్తోయది. ఇంటి పక్క గొడ్లకొట్టం. కొట్టం కప్పు సగం బోసిగా ఉంది. దించిన పెంకులు గోడకి ఆనించి పేర్చి ఉన్నాయి.

"ఒస్తోయ కొట్టం క్షవరం చేయించుకుంటోంది" అన్నాడు. అని మరిచిపోయాడు.

ఒస్తోయని సోమవారమే కలిశాడు, అన్నేళ్ళ తర్వాత. ఇద్దరూ దేశం ముక్కలవ్వకముందు పాత సైన్యంలో ఒకే గదిలో, ఒకే పొయ్యి పక్కన పడుకున్నవాళ్ళు. ఒస్తోయ కంచె దగ్గరకొచ్చి, టోపీ వెనక్కి నెట్టి, "ఏరా దెర్విష్, బతికే ఉన్నావా?" అన్నాడు. "చావడానికి తీరిక దొరకలేదురా" అన్నాడు దెర్విష్. ఇద్దరూ నవ్వారు. ఒకరి భుజం ఒకరు చరుచుకున్నారు. ఎవరెవరు పోయారో ఇద్దరూ అడగలేదు. మాటలు అయిపోయాక కూడా ఒస్తోయ అక్కడే కాసేపు నిలబడి, కొత్త వాసాల కేసి చూసి, "వెనక వాలుకి రీపరు బద్దలు దగ్గరదగ్గరగా కొట్టు, పాత రకం పెంకుకి సరిపోయేట్టు" అని వెళ్ళిపోయాడు. సలహాలివ్వడం వాడికి సైన్యంలో పట్టిన జబ్బు అనుకున్నాడు దెర్విష్.

*

బుధవారం మధ్యాహ్నానికి రెండు వాలులూ కలిసేచోట కొప్పు దూలం ఎక్కింది.

ఆ రోజు ఆ కొండల్లో పండగ కింద లెక్క. ముస్లిం ఇల్లయినా, సెర్బు ఇల్లయినా, క్రొయేటు ఇల్లయినా ఒకటే పద్ధతి. చుట్టాలూ, ఇరుగూపొరుగూ చొక్కాలో తువ్వాళ్ళో తెస్తారు. మేస్త్రీ ఒక్కొక్కటే దూలానికి కట్టి, తెచ్చినవాళ్ళ పేరు ఊరంతా వినేట్టు పైనించి పిలుస్తాడు. పేరు పిలిచాక ఆ బట్ట మేస్త్రీది, పనివాళ్ళది. పిలిచిన పేరు మాత్రం ఇంటివాళ్ళది. ఆ ఇంటి కప్పు ఉన్నన్నాళ్ళూ ఆ మనిషి ఆ ఇంటికి కావలసినవాడన్నమాట. యుద్ధానికి ముందు దెర్విష్ పేరు పిలవడం చూడటానికి పక్క లోయల నుంచి కూడా జనం వచ్చేవాళ్ళు. పిలవడం ఒక పని, పిలుస్తూ ఏడిపించడం ఇంకో పని. ఆయనకి రెండోదాంట్లో సాటిలేదు.

టౌన్నించి ఒక బస్సు నిండా జనం దిగారు. పెరటి నిండా బల్లలు వేశారు. జుమ్రెత తమ్ముడు ఫిక్రెత్ ఆస్ట్రియాలోని లింజ్ నుంచి కారేసుకుని వచ్చాడు.

"ఓహోహో! విన్నారా, ఇరుగూపొరుగూ!" అని దూలం మీద గుర్రమెక్కినట్టు కూర్చుని మొదలుపెట్టాడు దెర్విష్. "ఈ చొక్కా తెచ్చింది తమ్ముడు ఫిక్రెత్! లింజ్ నుంచి వచ్చిన చొక్కా! సరిహద్దు దగ్గర పోలీసు పాస్‌పోర్టు అడిగితే ఫిక్రెత్ నోరు తెరవలేదు, చొక్కాయే జర్మన్లో జవాబు చెప్పింది! వాళ్ళిల్లు చల్లగుండాలి!"

కింద నవ్వులు. చప్పట్లు.

"ఇది హాత్కా అత్త తువ్వాలు! దీంతో ఒళ్ళు తుడుచుకుంటే ఇరవై ఏళ్ళు తగ్గిపోతాయిట! మరి అత్త ఒకసారి కూడా తుడుచుకున్నట్టు లేదు! వాళ్ళిల్లు చల్లగుండాలి!"

"దిగిరా, నీ సంగతి చెబుతా!" అని హాత్కా అత్త కర్ర ఎత్తింది. పొట్టలు పట్టుకుని నవ్వారు జనం. నవ్వి ఎంతకాలమైందో వాళ్ళ ముఖాల మీద తెలుస్తోంది. దెర్విష్ కి పైన గాలికే మందు తాగినంత హుషారుగా ఉంది. చొక్కాలు ఒక్కొక్కటీ గాలికి ఊగుతూ వరసకట్టాయి.

అప్పుడు కంచె తలుపు చప్పుడైంది. ఒస్తోయ వచ్చాడు.

తెల్లటి చొక్కా తొడుక్కున్నాడు, మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. గడ్డం ఎంత దగ్గరగా గీశాడంటే దవడ కింద తెగి, ఓ చిన్న కాగితం ముక్క అంటించుకునుంది. చేతిలో కాగితంలో చుట్టిన పొట్లం. రెండడుగులు వేసి, అందరి ముందూ టోపీ తీసి, "శుభమా?" అన్నాడు.

పెరడు మొత్తం నిశ్శబ్దమైపోయింది. బల్ల మీద చెంచాలు ఆగిపోయాయి. ఫిక్రెత్ సిగరెట్టు కింద పడేసి కాలితో నలుపుతూ తల ఎత్తలేదు. జుమ్రెత ఒక్కతే కదిలింది. ముందుకొచ్చి, పొట్లం రెండు చేతులా అందుకుని, చొక్కా విప్పి నెజాద్ చేతికిచ్చింది. నెజాద్ నిచ్చెన ఎక్కి పైకి అందించాడు. కొత్త చొక్కా, మడత విప్పనిది, నీలపు చారలది.

చొక్కా పట్టుకుని దెర్విష్ కిందికి చూశాడు. అందరూ తనకేసే చూస్తున్నారు. నవ్వించడానికే పుట్టిన మనిషికి నిశ్శబ్దం అంటే కాలు జారినంత భయం. ఒస్తోయ తన వాడే కదా, ఒకే పొయ్యి పక్కన పడుకున్నవాడు కదా. ఒక్క నవ్వు నవ్వితే మంచు కరిగిపోతుంది, అందరూ ఒకటైపోతారు. అంతకుమించి ఆలోచించలేదు. నోరు తనంతట అదే తెరుచుకుంది.

"ఓహోహో! విన్నారా! ఒస్తోయ ఏదో తెచ్చాడర్రా! ఈ కప్పు మీదినించి పోయినవన్నీ తిరిగి రావడం మొదలైంది! ఇవాళ చొక్కా వచ్చింది, రేపు పెంకులు కూడా కాళ్ళొచ్చి నడిచొస్తాయి! కంచె తలుపు తీసి ఉంచండి!"

నవ్వు పేలింది. ముందటి నవ్వుల్లాంటిది కాదు. ఏడేళ్ళుగా ఎవరి గొంతులోనో ఉండిపోయినదంతా ఒక్కసారి బయటపడ్డట్టు, బల్లల మీద చరుస్తూ, ఒకళ్ళ మీద ఒకళ్ళు పడుతూ నవ్వారు. ఫిక్రెత్ కళ్ళు తుడుచుకున్నాడు. "తలుపు తీసే ఉంది! తీసే ఉంది!" అని ఎవరో అరిచారు.

ఒస్తోయ కూడా నవ్వాడు. ఆ నవ్వు పైనించి చూస్తున్న దెర్విష్ కి స్పష్టంగా కనిపించింది: నోరు నవ్వింది, చేతిలో టోపీ మాత్రం పిడికిట్లో నలిగిపోతోంది.

"మీ నోరు ఇంకా ముసలిది కాలేదు మేస్త్రిగారూ" అన్నాడు.

'మీ' అన్నాడు. మేస్త్రిగారన్నాడు. దెర్విష్ చేతిలో సుత్తి ఉంటే మేకు వంగినట్టు తెలిసిపోయేది. ఇక్కడ ఏం వంగిందో తెలియలేదు. ఏదో వంగింది.

జుమ్రెత పల్చటి పిండి పొరల్లో తురుము చుట్టి కాల్చిన గుమ్మడికాయ పీటా ఒక ప్లేటు నిండా పెట్టి తెచ్చేసరికి ఒస్తోయ కంచె దాటాడు. ఆవిడ వెనకాల పరుగెత్తింది. "కూర్చో ఒస్తోయా, భోజనం..." "కొట్టం పనుందమ్మా" అన్నాడు. ప్లేటు మాత్రం తీసుకున్నాడు. తీసుకోకపోతే బాగుండదని తీసుకున్నాడు.

జుమ్రెత వెనక్కి తిరిగి వచ్చింది. దూలం మీదికి ఒక్కసారి చూసింది. ఆ చూపు మీద కూడా ఓ ఛలోక్తి వేద్దామనుకున్నాడు దెర్విష్. దొరకలేదు.

*

గురువారం ముందు వాలు మీద పెంకులు పరవడం మొదలుపెట్టారు. నెజాద్ కింద నుంచి అందిస్తాడు, దెర్విష్ చూరు దగ్గర నుంచి కొప్పు దాకా వరస వరసగా తొడుగుతాడు. ఒక పెంకు పెదవి ఇంకో పెంకు గాడిలో కూర్చున్నప్పుడు 'టక్' మని చిన్న చప్పుడవుతుంది. ఆ చప్పుడు సరిగ్గా ఉంటే చూడక్కర్లేదు.

జుమ్రెత మాటిమాటికీ వీధిలోకి వెళ్ళి చూసి వస్తోంది. బండి చప్పుడు ఏదైనా వినిపిస్తే చేతిలో పని ఆపేస్తోంది. పాలబండి వెళ్ళింది. కట్టెల ట్రాక్టరు వెళ్ళింది. మధ్యాహ్నం దాటాక ఆవిడ వీధిలోకి వెళ్ళడం మానేసింది.

ముందు వాలు పూర్తయింది. దెర్విష్ దిగివచ్చి బల్ల మీద కూర్చున్నాడు. "మరి అమ్మా, ఆ దేవదూతలు..."

"ఇంక రారు మేస్త్రీ."

"ఎందుకు రారు?"

జుమ్రెత కాఫీ పొయ్యలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దెర్విష్ కేసి కాదు, కొండకేసి చూస్తూ చెప్పింది.

"వసంతంలో నేనొక్కదాన్నీ వచ్చి పొదలు కొడుతుంటే కోవిల్క కంచె దగ్గరకొచ్చింది. ఒస్తోయ పెళ్ళాం. కాఫీ గిన్నె కంచె మీద పెట్టి వెళ్ళిపోయింది. మాట్లాడలేదు. గిన్నెలో చక్కెర వేసి తిరిగిచ్చాను. తర్వాత ఆవిడ ప్లేటులో ప్లమ్ పళ్ళు పెట్టింది. నేను పీటా పెట్టి పంపాను. ఇలా ఎన్నోసార్లు. ఒక్కసారీ ప్లేటు ఖాళీగా తిరిగి రాలేదు మేస్త్రీ. మాటలు మొదలవ్వడానికి జూన్ వచ్చింది."

"ఊఁ."

"గడ్డి కోతలప్పుడు ఒస్తోయ వచ్చి కంచె అవతల నిలబడ్డాడు. 'కప్పు ఎప్పుడు జుమ్రెతా?' అన్నాడు. అక్టోబర్‌లో అన్నాను. 'పెంకులు ఎంత మట్టుకు కొన్నావు?' అన్నాడు. ఇంకా కొనలేదు అన్నాను. చాలాసేపు కర్రతో నేల గీస్తూ నిలబడ్డాడు. 'ముందు వాలుకే కొను' అన్నాడు. 'వెనక వాలుకి కొనొద్దు' అన్నాడు. అంతే. నేనేం అడగలేదు. ఆయనేం చెప్పలేదు."

సగం బోసిపోయిన కొట్టం దెర్విష్ కళ్ళ ముందు నిలిచింది. రీపర్లు దగ్గరదగ్గరగా కొట్టమన్న మాట చెవిలో పడింది.

"నేనే పిలిచాను ఆయన్ని. చొక్కా తెమ్మన్నాను. మావాళ్ళందరి ముందూ దూలం మీదినించి ఆయన పేరు పిలిచాక, మర్నాడు బండిలో పెంకులు తెస్తే, 'పొరుగాయన జాగ్రత్తగా దాచిపెట్టి తెచ్చాడు' అనుకునేవాళ్ళు. అనుకోకపోయినా అనుకున్నట్టు ఊరుకునేవాళ్ళు. అదీ మేం అనుకున్నది. అనుకున్నామంటే నోటితో కాదు."

"నాకేం తెలుసు తల్లీ! నాకు తెలిస్తే..."

"తెలియదు. తెలియకపోబట్టే నోట్లోంచి వచ్చింది" అంది జుమ్రెత. ఆవిడ గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "మీరు శనివారం బస్సెక్కుతారు. ఫిక్రెత్ లింజ్ వెళ్ళిపోయాడు. నవ్వినవాళ్ళంతా చీకటి పడకముందే టౌనుకి పోయారు, వాళ్ళకి ఈ ఊళ్ళో చీకటంటే భయం. చలికాలం నాకు జ్వరమొస్తే నా కిటికీలోంచి కనిపించే దీపం ఆ ఒక్క ఇంట్లోదే మేస్త్రీ."

ఆ పూట దెర్విష్ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. నెజాద్ రెండుసార్లు పైకి చూసి, వాసాలన్నీ తిన్నగానే ఉన్నాయే అనుకున్నాడు.

*

శుక్రవారం పొద్దున దెర్విష్ పావుకిలో కాఫీ పొడీ, చక్కెర బిళ్ళల పెట్టే పట్టుకుని వాలెక్కాడు. పడమట మబ్బు దట్టంగా పట్టింది.

ఒస్తోయ గుమ్మంలోనే ఎదురయ్యాడు. "రండి మేస్త్రిగారూ, రండి. కోవిల్కా, కాఫీ పెట్టు, మేస్త్రిగారొచ్చారు."

లోపల కూర్చోబెట్టాడు. దిండు సర్దాడు. ప్లమ్ సారా గ్లాసులో పోశాడు. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగాడు. కొడుకులెక్కడున్నారని అడిగాడు. ఒక్క మర్యాద తక్కువ చెయ్యలేదు. తలుపులన్నీ బార్లా తీసి ఉన్నట్టే ఉంది, ఎటు అడుగేసినా గోడ తగులుతోంది.

"ఒరేయ్ ఒస్తోయా" అన్నాడు చివరికి దెర్విష్. "బుధవారం నేను నోరు జారాను."

"అబ్బే! భలే నవ్వించారు. మా కోవిల్కకి చెబితే అదీ నవ్వింది. కదూ?"

పొయ్యి దగ్గర నిలబడ్డ కోవిల్క వెనక్కి తిరగలేదు.

"నాతో అలా మాట్లాడకురా. తిట్టు. నీకంతకన్నా మంచి తిట్లొచ్చు, సైన్యంలో విన్నాను. ఆ గ్లాసు నా మొహాన కొట్టు."

"అయ్యో, ఇంటికొచ్చినవాళ్ళని ఎవరైనా అంత మాటంటారా?" అని ఒస్తోయ కిటికీలోంచి ఆకాశం చూశాడు. "వానొచ్చేట్టుంది. ఏమనుకోకండి మేస్త్రిగారూ, కొట్టం పని కాస్త మిగిలిపోయింది. గడ్డి తడిసిపోతుంది."

బయటికి వచ్చాడు. దెర్విష్ కూడా వచ్చాడు. గోడ వారన పేర్చిన పెంకులని అప్పుడు దగ్గరగా చూశాడు. ప్రతిదాని వెనకా బట్టీవాళ్ళు కొట్టిన ఆకు ముద్ర. ఆ బట్టీ యుద్ధానికి ఎంతో ముందే మూతపడింది. బ్రెజిక్‌లో ఆ ముద్ర పెంకులు సాకిబ్ తండ్రి ఇంటికే దించారు. చూరు వరస పెంకులకి బెజ్జాలు తన చేత్తో తొలిచాడు. ఆ బెజ్జాలు అలాగే ఉన్నాయి. ప్రతి పెంకునీ నాచు గీకి, కడిగి, ఎండబెట్టి పేర్చారు. పక్కనే బండిలో, పెంకులు పగలకుండా, గడ్డి కూడా పరిచి సిద్ధంగా ఉంది.

ఒస్తోయ నిచ్చెన వేశాడు. ఓ పెంకు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఆరోగ్యం అంతంత మాత్రం. రెండో మెట్టు మీదే ఆగి ఊపిరి పీల్చుకున్నాడు.

"నువ్వు దిగు" అన్నాడు దెర్విష్.

"మీరెందుకండీ..."

"దిగమన్నానా? ఆ రీపరు పుచ్చిపోయింది. నువ్వెక్కితే విరుగుతుంది."

దెర్విష్ ఎక్కాడు. ఒస్తోయ కింద నిలబడి అందించాడు. కోవిల్క గోడ వారనుంచి మోసుకొచ్చి మొగుడి చేతికిచ్చింది. టక్, టక్ మని పెంకులు కూర్చుంటున్నాయి. సాకిబ్ తండ్రి కప్పు వేయించిన రోజున ఈ పెంకులు ఇలాగే మోగాయి. అప్పుడు కింద నిలబడి అందించినవాళ్ళలో ఒస్తోయ కూడా ఉన్నాడు. ఆ రోజు కూడా చొక్కా తెచ్చాడు. ఆ చొక్కా మీద తనేం ఛలోక్తి వేశాడో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఏదో వేసే ఉంటాడు. అప్పుడు ఎంత వేసినా ఏమీ విరిగేది కాదు.

సగం వరసలయ్యాక దెర్విష్ ఆగాడు. కిందికి వంగి అన్నాడు. "ఆదివారం వాళ్ళందర్నీ మళ్ళీ పిలిపిస్తాను. అదే దూలం ఎక్కి, నేనన్నది తప్పని చెబుతాను. అప్పుడు బండి తోలుకురా."

ఒస్తోయ చేతిలో పెంకుని తిరగేసి ఆకు ముద్ర మీది మట్టి బొటనవేలితో తుడిచాడు.

"మీరు తప్పని చెబితే ఇంకోసారి నవ్వుతారు మేస్త్రిగారూ. ఇవి ఇక్కడ ఉంటే కొట్టం పెంకులు. బండెక్కితే ఇప్పుడు దొంగసొత్తు. ఎవరైనా తీసుకుపోయేవాళ్ళే, ఆ రోజుల్లో. నేను తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో నాకే ఒక్కో రోజు ఒక్కోలా గుర్తొస్తుంది. జుమ్రెత అడక్కుండా తీసుకుందామనుకుంది. మీరు అడిగేశారు."

పెంకు పైకి అందించాడు. దెర్విష్ అందుకున్నాడు. అందుకోక ఏం చేస్తాడు, వాన మొదటి చినుకులు అప్పుడే చేతి మీద పడ్డాయి. జుమ్రెత ఇంటి పెంకులని, జుమ్రెత ఇల్లు తడుస్తుండగా, వరస తప్పకుండా, ఎప్పుడూ ఏ పనీ చెయ్యనంత శ్రద్ధగా ఒస్తోయ కొట్టం మీద పరిచాడు. చివరి పెంకు పెట్టేసరికి వాన నిలువునా దిగింది. కొట్టంలో ఒక్క చుక్క పడలేదు.

"మంచి పనితనం మిగిలే ఉంది మీ చేతుల్లో" అన్నాడు ఒస్తోయ. ఈసారి నవ్వలేదు.

*

శనివారం పొద్దున వాన వెలిసింది. నెజాద్, దెర్విష్ కలిసి వెనక వాలు మీద సంస్థవాళ్ళ నీలం నైలాన్ పట్టా పరిచి, చెక్క బద్దలు వేసి మేకులు కొట్టారు. చలికాలం దాటిస్తుంది. గాలేస్తే మోగుతుంది.

సామాన్లు సర్దుకున్నాక జుమ్రెత మూట తెచ్చి ఇచ్చింది. ఇస్త్రీ చేసి మడతపెట్టిన చొక్కాలూ, తువ్వాళ్ళూ. దెర్విష్ మూట విప్పి చూశాడు. లింజ్ చొక్కా ఉంది. హాత్కా అత్త తువ్వాలు ఉంది. నీలపు చారల చొక్కా లేదు.

"అది మీది కాదు మేస్త్రీ" అంది జుమ్రెత, ఆయన అడక్కుండానే. "దాని పేరు ఇంకా పిలవలేదు. 'ఏదో తెచ్చాడర్రా' అన్నారు. పిలవడం అది కాదు. పెట్టెలో పెట్టాను."

దెర్విష్ తల ఊపాడు.

"వసంతంలో వెనక వాలు వెయ్యడానికి మీరే రావాలి. మళ్ళీ దూలానికి కట్టాలి. పేరు పిలవాలి. పేరొక్కటే."

"వాడు వస్తాడా తల్లీ?"

ఆవిడ గడప పక్కన బల్ల మీదికి చూపించింది. పీటా పెట్టిచ్చిన ప్లేటు అక్కడుంది. తళతళలాడుతూ కడిగి ఉంది.

"పొద్దున కంచె మీద ఉంది."

"ఖాళీగానా?"

"ఖాళీగానే. మొదటిసారి. కానీ తెచ్చిపెట్టింది కదా. విసిరెయ్యలేదు. రేపు మళ్ళీ ఏదైనా పెట్టి కంచె మీద పెడతాను. ఎన్నాళ్ళు పడుతుందో చూడాలి."

రోడ్డు వంపు దగ్గర, పాలడబ్బాలు పెట్టే అరుగు మీద కూర్చుని బస్సు కోసం చూశారు మామా అల్లుడూ. అక్కడినించి రెండు కప్పులూ కనబడుతున్నాయి. పైన, వాన కడిగిన ముదురెరుపులో, నిండుగా ఒస్తోయ కొట్టం. కింద, జుమ్రెత ఇల్లు, ఓ పక్క ఎరుపు, ఓ పక్క నీలం. నీలం గాలికి ఉబ్బుతోంది, పడుతోంది.

"మావయ్యా, ఆ పిల్లి చివరికేమయింది?" అన్నాడు నెజాద్, ఆయన కోతలు కొయ్యక మూడు రోజులై దిగులుపుట్టి. "పాత ఇంటికి మళ్ళీ వచ్చిందా?"

దెర్విష్ లోయకేసి తిరిగి, గొంతు సవరించుకుని, ఎవరికీ వినబడనంత మెల్లగా అన్నాడు: "ఓహోహో, విన్నారా ఇరుగూపొరుగూ. ఈ చొక్కా తెచ్చింది మన ఒస్తోయ. వాళ్ళిల్లు చల్లగుండాలి."

అక్కడికి ఆగాలి. నాలుక చివరికి ఇంకో ముక్క వచ్చి నిలబడింది. చాలా మంచి ముక్క, ఊరంతా వారం రోజులు చెప్పుకునే ముక్క. దెర్విష్ పళ్ళు బిగించి దాన్ని మింగాడు. మళ్ళీ మొదటినించి మొదలుపెట్టాడు.

"ఏంటి మావయ్యా, ఏదో గొణుగుతున్నావు?"

"ఏం లేదు. బస్సొస్తోందేమో చూడు."